ఊఁ కొట్టే ఆశ్చర్యం

(మా తెలుగు మాస్టారి మూడో వర్ధంతి నాడు రాజమండ్రిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారి పేరిట మాట్లాడమని కబురు పంపినవారు అంశం నన్నే ఎంచుకోమన్నారు. ఆయన మాకు నన్నయను చెప్పారు, చేమకూర వెంకటకవిని చెప్పారు. వాటి మీద గంటలకొద్దీ మాట్లాడగలవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నేను పదకొండేళ్ళు ఇటలీలో ఉండి వచ్చినదాన్ని. సెలవులకు వచ్చినప్పుడల్లా వాళ్ళింటి వీధరుగు మీద కూర్చోగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఈసారి ఏం మాటలు తెచ్చావమ్మా?" అక్కడి భవనాలూ బొమ్మలూ ఆయనకి అక్కర్లేదు. మాటలు కావాలి. అందులోనూ పెద్ద మాటలు కావు. ఆశ్చర్యపోతే ఏమంటారు, నమ్మకపోతే ఏమంటారు, కాలికి రాయి తగిలితే ఎవర్ని తలుచుకుంటారు. "నిఘంటువులో ఉన్నవి నేను చూసుకోగలను. నోరు జారినవి నువ్వు పట్టుకురావాలి" అనేవారు.

అందుకని ఈ సాయంత్రం ఆయనకి పట్టుకొచ్చిన మాటలే మీ ముందు పెడతాను. నమ్మలేనిది విన్నప్పుడు, అనుకోనిది చూసినప్పుడు ఇటలీవాళ్ళ నోట అప్రయత్నంగా వచ్చే మాటలు.

మొదట నేనున్నది బొలోన్యాలో. ఊరంతా స్తంభాల వరండాలే. వానలో గొడుగు లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకి నడవొచ్చు. నేను అద్దెకున్న ఇంటావిడకి అప్పటికే డెబ్భై దాటాయి. ఆదివారం పొద్దున్నే వంటింటి బల్ల మీద పిండిలో గుడ్లు కొట్టి కలిపి, ముద్ద చేసి, బారెడు పొడుగున్న కర్రతో ఒత్తేవారు. ఒత్తగా ఒత్తగా అవతల చెయ్యి పెడితే నీడ కనిపించేంత పల్చటి పొర వచ్చేది. దాన్ని 'స్ఫోల్యా' అంటారు. నేను వెళ్ళి రెండు నెలలైంది. మే నెల. ఎండ మండిపోతోందని ఆవిడ అంటే, మా ఊళ్ళో ఈ రోజుల్లో 46 డిగ్రీల దాకా పోతుందని చెప్పాను. ఆవిడ కర్ర ఆపి, నా మొహంలోకి చూసి, "మా వా లా!" అన్నారు.

నాకు అప్పటికి వచ్చిన ఇటాలియన్‌లో 'మా' అంటే కానీ. 'వా' అంటే పో. 'లా' అంటే అక్కడ. అబద్ధం చెబుతున్నానని పొమ్మన్నారనుకుని, మాట్లాడకుండా నా గదిలోకి వచ్చేశాను. పది నిమిషాలు గడిచాక తలుపు చప్పుడైంది. పిండి చేతులతోనే నిలబడి ఉన్నారు. "మధ్యలో లేచి వచ్చేశావేం? అంత ఎండలో మీవాళ్ళు వంట ఎలా చేస్తారు? పసిపిల్లల్ని ఎలా నిద్రపుచ్చుతారు?" అని అడిగారు.

ఇది చెప్పినప్పుడు మాస్టారు నవ్వలేదు. కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకుని, "అది మన 'పోదూ!' కదమ్మా" అన్నారు.

అవును కదా. మన పిన్నులూ అక్కలూ "పోదూ! నువ్వు మరీనూ" అంటే ఎవరైనా లేచి పోతారా? మాట పొమ్మంటుంది, గొంతు కూర్చోమంటుంది. నాలుగు వేల మైళ్ళకు పైగా దూరంలో, ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు, నమ్మలేకపోవడాన్ని చెప్పడానికి ఒకే క్రియను ఎంచుకున్నాయి.

ఆ రోజు అరుగు మీద నాకు తట్టిన సంగతే ఇవాళ్టికీ నా దగ్గరున్న ఒకే ఒక్క సంగతి. ఇటాలియన్‌లో 'నేను నమ్మను' అనిపించే మాటల్లో ఎక్కువ భాగం చెప్పేవాళ్ళ చేత ఇంకా చెప్పించడానికి ఉన్నాయి. మన బుర్రకథలో కథకుడి పక్కన వంతలు ఇద్దరు ఉంటారు. "ఆహా! అలాగా? తరవాతేమైంది?" అని వాళ్ళు అనకపోతే తంబురా ఎంతసేపు మోగినా కథ ముందుకు పోదు. రాత్రి నానమ్మ పక్కలో కథ వినే పిల్లాడు ఊఁ కొట్టడం మానేస్తే నానమ్మ కథ ఆపేస్తుంది. ఇటలీలో ఆ ఊఁ కొట్టే పని అవిశ్వాసం చేస్తుంది.

'మా వా లా' ఉత్తరాది మాట, బొలోన్యా చుట్టుపక్కల మరీ ఎక్కువ. దేశమంతటా వినిపించేది 'మా దాయ్!'. 'దాయ్' అంటే ఇవ్వు. ఏమివ్వాలో ఎవరూ చెప్పరు. బస్సు వస్తుంటే పరిగెత్తమని "దాయ్, దాయ్!" అంటారు. బంతి గోలు దగ్గరికి వెళుతుంటే స్టేడియం మొత్తం అదే అరుస్తుంది. మీ చెల్లెలికి కవలలు పుట్టారని చెబితే "మా దాఆఆయ్!" అని సాగదీస్తారు, అప్పుడు 'నిజంగానా!' అని అర్థం. ఏడుస్తున్న స్నేహితురాలి భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి "దాయ్..." అంటే 'ఊరుకో తల్లీ'. ఇక్కడ మాస్టారు నన్ను ఆపారు. "మన 'ఊరుకో' కూడా అంతే కదా. ఏడిచేవాళ్ళనీ ఊరుకోమంటాం, గొప్పలు చెప్పేవాళ్ళనీ ఊరుకోమంటాం" అన్నారు. నేను పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట అది. దాని రెండు ముఖాలు ఆ పూట దాకా నేను పక్కపక్కన పెట్టి చూడలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అన్నారు. రెండూ అజంత భాషలు గనక. ఆ మాటను మనం శాలువాలా కప్పుకుని చాలా సభల్లో కూర్చున్నాం. నన్నడిగితే అందులో పనికొచ్చేది పొగడ్త కాదు, చివర ఉన్న ఆ అచ్చు. ఆశ్చర్యాన్ని సాగదీయడానికి జాగా కావాలి. 'అవునాఆఆ' అన్నప్పుడు మనకి దొరికే జాగాయే 'దవ్వేరోఓఓ' అన్నప్పుడు వాళ్ళకీ దొరుకుతుంది. ఈ 'దవ్వేరో' రెండు ముక్కల మాట: 'ద' అంటే నుంచి, 'వేరో' అంటే నిజం. 'నిజంగా' అనే అర్థంలో ప్రశ్నా అదే, జవాబూ అదే. "దవ్వేరో?" "దవ్వేరో." మధ్యలో మారేది గొంతు ఒక్కటే.

ఇందాక 'మా' అన్నాను కదా. ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. మా దాయ్, మా వా, మా నో, మా కే దీచి, మా పెన్సా తే: నమ్మలేని చాలా మాటల ముందు ఈ 'మా' వచ్చి నిలబడుతుంది. 'కానీ' అని దాని అర్థం. అడ్డుపుల్లలా కనిపిస్తుంది. అయితే దీని పుట్టుక లాటిన్ 'మాగిస్'. 'మాగిస్' అంటే ఇంకా, మరింత. ఇవాళ కాదనే మాటగా వినిపించేది ఒకప్పుడు ఇంకా కావాలనే మాట. పల్లకీలో పోతున్న పెళ్ళికూతురి మొహం తెర పక్కకి తొలిగి ఒక్క క్షణం కనిపించినట్టు, ఒక్కోసారి మాట తన పూర్వజన్మని చూపిస్తుంది. బొలోన్యాలో ఆవిడ 'మా' అన్నప్పుడు అడిగింది కూడా అదే, మరికాస్త.

దీనికి మించిన సాక్ష్యం ఇంకొకటుంది. "నోన్ మి దీరె!" అంటారు. మాటకి మాట అర్థం చూస్తే 'నాకు చెప్పకు!'. ఎదురింటి అబ్బాయి ఉద్యోగం మానేసి మఠంలో చేరాడని మొదలుపెట్టగానే అవతలి మనిషి కళ్ళు పెద్దవి చేసి "నోన్ మి దీరె!" అంటుంది, కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటుంది. చెప్పకు అన్నందుకు ఆపేస్తే ఆవిడ బాధపడుతుంది. మీరు అనవలసిన వాళ్ళతో అయితే అది "నోన్ మి దీకా!" అవుతుంది. మన నువ్వు, మీరు లాగే వాళ్ళకి 'తు', 'లేయి' ఉన్నాయి. డాక్టరుగారితోనో స్నేహితురాలి అత్తగారితోనో 'మా దాయ్' అనరు. 'దీకా' అంటారు, లేదా మెత్తగా 'దవ్వేరో?' అంటారు. నమ్మకపోవడంలోనూ వరసలున్నాయి, మర్యాదలున్నాయి.

మర్యాద రూపంలోనే మర్యాద తీసేసే మాట కూడా ఒకటుంది: "మా మి ఫాచ్చా ఇల్ పియచేరె!" అంటే 'నాకు కాస్త ఆ ఉపకారం చేసి పెట్టండి' అని. అర్థం మాత్రం 'చాల్లెండి!'. దీన్ని దేశం నోట నిలిపిన మనిషి నేపుల్స్ హాస్యనటుడు తొతో. 1952లో స్తేనో తీసిన 'తొతో ఆ కొలోరి' ఇటలీ తొలి రంగుల చిత్రాల్లో ఒకటి. అందులో రైలు పడకపెట్టెలో తొతోకి ఒక పార్లమెంటు సభ్యుడు తోడు పడతాడు. పరిచయాలు అవుతున్నకొద్దీ ఆ పెద్దమనిషి డాబు వలిచిన ఉల్లిపాయలా పొరలు పొరలుగా పోతుంది. డెబ్భై ఏళ్ళు దాటినా, టీవీలో ఎవరైనా నాయకుడు వాగ్దానాలు మొదలుపెట్టగానే కాఫీ కొట్టుల్లో ముసలివాళ్ళు ఈ మాట అనడం నేను విన్నాను. అది మాత్రం నిఖార్సైన అవిశ్వాసం. చెప్పేవాడు ఇంకా చెప్పాలని అక్కడ ఎవరికీ లేదు.

ఇక దేవుళ్ళ సంగతి. మాస్టారికి అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

ఆశ్చర్యపోయిన మనిషి నోట ముందుగా వచ్చేది అమ్మ పేరో దేవుడి పేరో. 'మమ్మా మియా' అంటే మా అమ్మే అని. మన 'అమ్మో!'కి తోబుట్టువు. 1975లో స్వీడన్ బృందం అబ్బా పాటతో లోకమంతా ఎరుగుదురు గనక దాని మీద నిలవను. 'ఒద్దీయో!' అంటే ఓ దేవుడా, రెండు మాటలు కలిసి ఒకటైపోయాయి. 'మదోన్నా!' అంటే మేరీమాత. నేపుల్స్‌లో ఇంకా దగ్గరితనం: అక్కడి కార్మినె పెద్ద చర్చిలో శ్యామవర్ణపు మేరీమాత చిత్రం ఉంది, ఉలిక్కిపడ్డ ఆడవాళ్ళు "మమ్మ దో కార్మెనె!" అంటారు, కార్మినె గుడిలో అమ్మా అని. ఊళ్ళో అందరికీ తెలిసిన అమ్మవారిని పేరుపెట్టి పిలిచినట్టు. గుంటూరు వైపు నుంచి వెళ్ళి అక్కడ వృద్ధుల ఆశ్రమంలో సేవ చేస్తున్న ఒక సిస్టర్‌ని నేను అడిగాను, సంతలో చేపల ధర విని కూడా మదోన్నా అంటారే, మీకు కష్టంగా ఉండదా అని. "మొదట్లో ప్రార్థన చేస్తున్నారనుకున్నానమ్మా. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను" అన్నారావిడ.

ఈ అలవాటు క్రైస్తవంతో రాలేదు. అంతకు ముందే ఉంది. క్రీస్తుకు రెండు వందల ఏళ్ళు ముందు నాటకాలు రాసిన ప్లౌటస్ పాత్రలు మాటకి ముందు 'హెర్క్లె' అంటాయి, 'ఎకాస్తోర్' అంటాయి. హెర్క్యులిస్ తోడు, కాస్టర్ తోడు. ఆ ప్లౌటస్ పుట్టిన సర్సీనా ఇవాళ బొలోన్యా ఉన్న రాష్ట్రంలోనే ఉంది. రెండో శతాబ్దపు ఔలుస్ గెల్లియస్ ఒక ముచ్చటైన సంగతి రాసిపెట్టాడు: పాత రచనల్లో ఆడవాళ్ళు హెర్క్యులిస్ మీద ఒట్టు పెట్టుకోరు, మగవాళ్ళు కాస్టర్ మీద పెట్టుకోరు అని. మన ఇళ్ళలో కూడా మామ్మలు చెవులు మూసుకుని "రామ రామ" అంటే తాతలు "శివ శివా" అనేవారు, ఇంటింటికీ ఒక పద్ధతి. రోమన్ దేవుళ్ళ గుళ్ళు పడిపోయాయి, పూజలు ఆగిపోయాయి. మద్యానికి అధిదేవత బాకస్ మాత్రం 'పెర్‌బాక్కో!' అనే మాటలో బతికే ఉన్నాడు. బాకస్ తోడు! వయసు మళ్ళినవాళ్ళ నోట ఇప్పటికీ వినొచ్చు. పదహారు వందల ఏళ్ళుగా నైవేద్యం లేని దేవుడు ఒక ఆశ్చర్యార్థకంలో కాపురం ఉంటున్నాడు.

దేవుడి పేరు వృథాగా పలకకూడదనేది క్రైస్తవుల పది ఆజ్ఞల్లో ఒకటి. అందులోనూ దేవుణ్ణి తిట్టడం వేరు, తలవడం వేరు. తిట్టడాన్ని అక్కడ 'బెస్తెమ్మియా' అంటారు. 1930 నాటి శిక్షాస్మృతి 724వ అధికరణం ప్రకారం అది అప్పట్లో నేరం. 1999లో నేరాల పట్టిక నుంచి తీసి జరిమానా కింద పెట్టారు, 51 యూరోల నుంచి 309 దాకా. చట్టం కన్నా ముందే జనం తమ నోటికి తామే ఒక కంచె వేసుకున్నారు. పవిత్రమైన మాట నాలుక చివరకి వచ్చేశాక, చివరి క్షణంలో దాన్ని పక్కకి తిప్పేస్తారు. వెనిస్ వైపు 'ఓస్తియా' అనబోయి, అంటే చర్చిలో ఇచ్చే ప్రసాదపు రొట్టె, 'ఓస్త్రెగా!' అంటారు. ఓస్త్రెగా అంటే ఆల్చిప్ప. టస్కనీలో 'మదోన్నా' అనబోయి 'మరెమ్మా!' అంటారు, అది ఒకప్పుడు మలేరియాకి పేరుపడ్డ అక్కడి చిత్తడినేల. 'క్రీస్తో' అనబోయి 'క్రిబ్బియో'. దేవుడి పేరు మీద ఒట్టు పెట్టబోయి 'పెర్‌దిందిరిందీనా!' అని గంటలు మోగించినట్టు ముగిస్తారు. నాకు ఈ మాట చాలా ఇష్టం. భయమూ భక్తీ కలిసి ఒక పిల్లల పాటని పుట్టించాయి అందులో.

బూతు మాటలకీ ఇదే దారి. మొదటి అక్షరం దాకా వచ్చిన మాటని కూరగాయల వైపు మళ్ళిస్తారు. 'కావొలో!' అంటే క్యాబేజీ. 'కాప్పెరి!' అంటే ఊరబెట్టి తినే చిన్న మొగ్గలు. బడిపిల్లల ముందు టీచర్లు నిరభ్యంతరంగా అనగలిగే ఆశ్చర్యాలు ఇవి. సిసిలీలో ఆ పని 'మీద్సికా!' చేస్తుంది.

సిసిలీ అన్నాను గనక ఊళ్ళ సంగతి కొంచెం. ఇటలీ ఒక దేశంగా ఏకమైంది 1861లో. ఆనాటికి ఇటాలియన్ మాట్లాడగలవాళ్ళు జనాభాలో రెండున్నర శాతమేనని భాషావేత్త తుల్లియో దె మౌరో 1963లో వచ్చిన తన పుస్తకంలో లెక్కకట్టాడు. మిగతావాళ్ళవి ఊరి భాషలు. మిలాన్‌లో పుట్టిన నవలాకారుడు మన్జోని తన నవలని 1827లో ఒకసారి అచ్చువేసి, తృప్తి లేక, ఫ్లారెన్సు వాళ్ళ నోటి వాడుకకి దగ్గరగా తిరగరాసి 1840లో మళ్ళీ అచ్చువేయడం మొదలుపెట్టాడు. గిడుగు వారి వాడుక భాష దారిలో నడిచిన మా మాస్టారు ఈ కథ నా చేత మూడుసార్లు చెప్పించుకున్నారు. 1954 జనవరి 3న రాయ్ టీవీ ప్రసారాలు మొదలయ్యాక దేశమంతటికీ ఒక భాష చెవిన పడింది. అయినా ఆశ్చర్యం ఇంటి భాష వదల్లేదు. రోమ్‌వాళ్ళు 'ఆన్వేది!' అంటారు, చూడు అని. 'అమ్మాత్సా!' అంటారు, చంపు అని. మనం 'చంపేశావు పో!' అనమూ? బొలోన్యాలో 'సోర్బొలె!' అంటారు, అదొక పండు. టురిన్‌లో 'కొంతాచ్!' అంటారు, అంటువ్యాధి అని, ప్లేగుల కాలం నుంచి మిగిలిన భయం అది. బారిలో ఒక్క ముక్క 'మదో!' చాలు. నేపుల్స్ కుర్రాళ్ళకి 'ఉఆ!' చాలు. సిసిలీ నుంచి వచ్చి ఉత్తరాన ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న పెద్దాయన ఒకరు ఉండేవారు. యాస ఎక్కడా దొరకనివ్వరు. ఒకసారి గ్రంథాలయంలో, పోయిందనుకున్న తన పాత నోటుబుక్కు అట్ట వెనక దొరికితే, అందరూ తలలెత్తేలా "మీద్సికా!" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన ఊరు తెలిసిపోయింది.

పాత రోమన్ వ్యాకర్తలు ఈ మాటలకి భాషాభాగాల్లో వేరే గది కట్టించారు. గ్రీకులు వీటిని క్రియా విశేషణాల్లో కలిపేస్తే, లాటిన్ వాళ్ళు 'ఇంటెర్యెక్తియో' అని పేరుపెట్టి విడిగా కూర్చోబెట్టారు. మధ్యలో విసిరినది అని అర్థం. 1981లో ఇసబెల్లా పొజ్జి ఇటాలియన్ ఆశ్చర్యార్థకాల మీద ఒక పూర్తి పుస్తకమే రాసింది. ఒక్కొక్కటీ మాట కాదు, పూర్తి వాక్యం అంటుందావిడ. ఎవరు, ఎవరితో, ఏం అనుకుంటూ, ఏం కోరుతూ అన్నారో అంతా ఆ ఒక్క ధ్వనిలో ఉంటుంది. మన బడుల్లో భాషాభాగాల పాఠంలో ఇవి ఆఖరి పంక్తిలో 'ఆహా, ఓహో మొదలగునవి' అని ముగిసిపోతాయి. మాస్టారు మాత్రం ఆ పంక్తి మీద ఒక పీరియడ్ అంతా పాఠం చెప్పారు. మేము వరసగా లేచి మా ఇళ్ళలో వినిపించేవి చెప్పాలి. హవ్వ, ఔరా, ఓర్నీ, అబ్బే, ఆయ్, ఛా, అయ్యబాబోయ్. నల్లబల్ల నిండిపోయింది. ఆ సాయంత్రం బల్ల తుడవొద్దని ప్యూనుకి చెప్పి వెళ్ళారాయన.

కొన్ని మాటలు చాలా సున్నితంగా తూకం వేస్తాయి. 'అద్దిరిత్తూరా!' అనేది జరిగినదాన్ని కాదనదు, కొలతని ప్రశ్నిస్తుంది. "ఆమె లేకపోతే చచ్చిపోతాడట." "అద్దిరిత్తూరా!" మనం అక్కడ 'మరీ అంతా?' అంటాం. 'పెరో!'కి మామూలు అర్థం 'అయితే', 'కానీ'. ఒంటరిగా, కనుబొమ్మలెత్తి అంటే 'పర్లేదే, గట్టివాడే!'. తక్కువ అంచనా వేశానని ఒప్పుకునే మాట అది. ఒక్క ముక్కలో అంత నిజాయితీగా ఓటమి ఒప్పుకునే మాట ఇంకొకటి నేను ఎరగను.

అవిశ్వాసం ముదిరితే మాటలు మారతాయి. అబద్ధాన్ని నమ్మడాన్ని వాళ్ళు 'తాగడం' అంటారు. "దీన్ని నేను తాగను" అంటే 'నీ మాట నమ్మను'. గొప్పలు చెప్పేవాడు 'పెద్దవి పేలుస్తాడు'. వట్టి పుకారుని 'బూఫలా' అంటారు, అంటే గేదె. 1583లో ఫ్లారెన్సులో పుట్టిన క్రుస్కా అకాడమీ వాళ్ళ వివరణ ప్రకారం, ముక్కుకి తాడేసి గేదెని లాక్కెళ్ళినట్టు మనిషిని లాక్కెళ్ళడమనే పాత నానుడి దీనికి మూలమై ఉండొచ్చు. ముక్కుతాడు సంగతి గోదావరి జిల్లాల వాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. నేపుల్స్ చుట్టుపక్కల నిజంగానే గేదెల మందలున్నాయి, అక్కడ మోజరెల్లా చీజు వాటి పాలతో చేస్తారు. ఇవాళ ఫోన్లలో తిరిగే అబద్ధపు వార్తలకి కూడా ఇటలీ పత్రికలు ఈ గేదె పేరే వాడుతున్నాయి.

నోటితో పాటు చెయ్యి. 1832లో నేపుల్స్ మతగురువు అంద్రేయా దె యోరియో తన ఊరి జనం చేతి సైగల మీద ఒక పెద్ద గ్రంథం అచ్చువేశాడు. తవ్వకాల్లో బయటపడ్డ పాత పాత్రల మీది బొమ్మల్లో చేతులు ఏం చెబుతున్నాయో వీధిలోని చేపలవాణ్ణి చూసి చదవొచ్చని ఆయన వాదం. అన్నిటికన్నా పేరున్న సైగ, అయిదు వేళ్ళ కొనలూ పైకి మొగ్గలా కలిపి మణికట్టు ఆడించడం. 'సంచి చెయ్యి' అంటారు దాన్ని. 2020లో ఫోన్ బొమ్మల్లో కూడా చేరింది. 'ఏమిటి నువ్వనేది?' అని అర్థం. మనకి అదే మొగ్గ నోటి దగ్గరికి వెళితే అన్నం. నేపుల్స్ చేరిన కొత్తలో కూరగాయల మనిషి అలా చెయ్యి ఊపితే, తిన్నావా అని అడుగుతున్నాడనుకుని తిన్నానని చెప్పాను. ఇది విని మాస్టారు ఆ సైగ నేర్చుకోవాలన్నారు. కీళ్ళనొప్పులతో ఆయన వేళ్ళు అప్పటికే బిగుసుకున్నాయి. అయినా అరుగు మీద కూర్చుని చాలాసేపు సాధన చేశారు. అమ్మగారు మజ్జిగ తెస్తే ఆవిడ మీద ప్రయోగించారు కూడా.

చివరిగా ఆయనకి చెప్పిన కథ ఒకటి.

నేపుల్స్ కెథెడ్రల్‌లో పుణ్యపురుషుడు సన్ జెన్నారో రక్తమని నమ్మేది రెండు చిన్న గాజుబుడ్లలో గడ్డకట్టి ఉంటుంది. ఏడాదికి మూడుసార్లు, మే మొదటి ఆదివారానికి ముందు శనివారం, సెప్టెంబరు 19న, డిసెంబరు 16న, దాన్ని జనం ముందుకి తెస్తారు. చాలాసార్లు గడ్డ కరుగుతుంది. 1389 నుంచి దీని దాఖలా ఉంది. చర్చి దీన్ని మహిమ అని అధికారికంగా ప్రకటించలేదు, వింత అని మాత్రమే అంటుంది. ముందు వరసలో 'బంధువులు' అని పిలిచే ముసలి ఆడవాళ్ళు కూర్చుంటారు. స్వామి ఆలస్యం చేస్తే వాళ్ళు ప్రార్థన ఆపి కేకలేస్తారు, పచ్చమొహంవాడా అని. కరిగిన వెంటనే ఒక తెల్ల రుమాలు ఊపుతారు.

ఒక సెప్టెంబరులో నేను వెళ్ళాను. కాలు పెట్టే చోటు లేదు. నా పక్కన కర్ర మీద ఆనుకుని ఒక పొట్టి ముసలమ్మ. చిన్నప్పటి నుంచీ ఒక్క ఏడాది కూడా మానలేదట. అక్కడికొచ్చిన ప్రతి మనిషికీ ఏం జరగబోతోందో తెలుసు. రుమాలు లేచింది. జనం చప్పట్లు. ముందున్నవాళ్ళ భుజాలు అడ్డొచ్చి ముసలమ్మకి ఏమీ కనిపించలేదు. నా మోచెయ్యి పట్టుకుంది. మొట్టమొదటిసారి వింటున్న పసిపిల్లలా మొహం పెట్టి, "ఒవేరో?" అంది. నిజమేనా అని. ఎన్ని వందలసార్లు చూసిందో. అయినా నా చేత చెప్పించుకుంది. అవునమ్మా, కరిగింది, నేను చూశాను అని చెప్పాను. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పాను.

ఇది మాస్టారికి చెప్పింది ఆయన మంచాన పడ్డాక. పక్షవాతం వచ్చి మాట పోయింది. గదిలో అమ్మగారూ నేనూ ఉన్నాం. ఆయనకి వినిపిస్తోందో లేదో తెలియలేదు. పాఠాలన్నీ ఆయన చెబుతుంటే మేము విన్నవాళ్ళం, ఇలా ఒక్కదాన్నే మాట్లాడుతుండటం నాకు భరించలేనట్టుగా ఉండి, ముసలమ్మ మోచెయ్యి పట్టుకున్న దగ్గర ఆగిపోయాను.

అప్పుడు ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీద కదిలింది. అయిదు వేళ్ళూ ఒకచోటికి రావడానికి చాలాసేపు పట్టింది. చిటికెనవేలు పూర్తిగా రాలేదు. మణికట్టు కొంచెం ఊగింది.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని మిగతాది చెప్పాను.